తాళంచెవి ఎవరి దగ్గరుంది?

న్యూయార్క్‌లో ఉద్యోగంలో చేరిన మొదటిరోజు నా చేతికొచ్చిన ఫారంలో ఒక ప్రశ్న నాకు అంతుపట్టలేదు. పిల్లల నుంచి ముసలివాళ్ల దాకా పేటవాళ్లంతా వచ్చే మా సెంటర్‌లో, అరవై దాటినవాళ్లు పేరు రాయించుకునేటప్పుడు నింపే ఫారం అది. పేరు, వేసుకునే మందులు, డాక్టర్ నంబరు, ఇంట్లో మాట్లాడే భాష. చివర్లో, "మీ ఇంటి రెండో తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది?" ఒంటరిగా ఉండే పెద్దవాళ్లను ఇలాంటిది అడగొచ్చా అనుకున్నాను.

ఆరు వారాలకు తెలిసొచ్చింది. చైనా నుంచి వచ్చి స్థిరపడిన ఒక తాత రోజూ పదకొండున్నరకల్లా భోజనానికి వచ్చేవాడు. ఒక మంగళవారం రాలేదు. ఒంటరిగా ఉండేవాళ్లు ఒక్కరోజు కనపడకపోయినా ఫోన్ చేయాలన్నది మా దగ్గర నియమం. చేశాను, ఎత్తలేదు. ఫారం తీసి చూస్తే తాళంచెవి పై అంతస్తులో ఉండే ఒకావిడ దగ్గర ఉంది. ఆవిడ వెళ్లి తలుపు తీసేసరికి తాత బాత్‌రూంలో పడి ఉన్నాడు, తుంటి విరిగి. తెల్లవారుజాము నుంచి అలాగే ఉన్నాడట. మాట్లాడుతున్నాడు, బతికాడు.

ఆ సాయంత్రం సబ్‌వేలో ఇంటికి వెళ్తుంటే, తిరుపతి కొర్లగుంటలో ఒక్కడే ఉంటున్న మా నాయన మనసులోంచి పోలేదు. రాత్రి తొమ్మిదికల్లా లోపల గడియ పెట్టుకుని పడుకుంటాడు. గడియకు తాళంచెవి ఉండదు కదా.

నేను 2013లో మా ఆయన ఉద్యోగం మీద న్యూయార్క్ వెళ్లాను. పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో పీజీ చేసి, రెండేళ్లు వంటింటికీ కిటికీకీ మధ్య తిరిగాను. 2015లో, నాలా భర్త ఉద్యోగం మీద హెచ్-4 వీసాతో వచ్చినవాళ్లలో కొందరికి పని చేసుకునే అనుమతి ఇచ్చారు. అప్పటికే మా అబ్బాయిని బడి అయ్యాక ఆ సెంటర్‌లో వదిలేదాన్ని, నేను పై అంతస్తులో ఇంగ్లీషు క్లాసులో కూర్చునేదాన్ని. అనుమతి రాగానే అక్కడే రిసెప్షన్‌లో ఉద్యోగం అడిగాను. జీతం తక్కువ. నిధులిచ్చే చోటు నుంచి డబ్బు నెలల తరబడి ఆలస్యమైనప్పుడు ఆ జీతానికీ టెన్షన్ పడ్డాం. అయినా ఏడేళ్లు వదల్లేదు.

ఎందుకు వదల్లేదో చెప్పాలంటే ఆ ఇటుకల బిల్డింగ్ గురించి చెప్పాలి. ఒకే గుమ్మంలోంచి పొద్దున ఎనిమిదికి మూడేళ్ల పిల్లలు వచ్చేవాళ్లు. తొమ్మిదిన్నర నుంచి చేతికర్రలతో పెద్దవాళ్లు. మూడింటికి బడి పిల్లలు, రాత్రి ఏడుకు హోటళ్లలో పని ముగించుకుని ఇంగ్లీషు నేర్చుకునేదానికి వచ్చేవాళ్లు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ట్యాక్స్ కాగితాలు ఉచితంగా నింపిపెట్టేవాళ్లు. పిల్లలకొకచోట, ముసలివాళ్లకొకచోట అని విడదీయలేదు. అందుకే కొన్ని ఇబ్బందులూ ఉండేవి. పిల్లల్లో కొందరికి పడదని మా బిల్డింగ్‌లోకి చెనక్కాయ రానిచ్చేవాళ్లు కాదు. చిత్తూరు జిల్లా దాన్ని, చెనక్కాయ చట్నీ లేని డబ్బా కట్టుకోవడం అలవాటు కావడానికి చాలా రోజులు పట్టింది.

భోజనం అరవై దాటిన ఎవరికైనా పెట్టేవాళ్లు. 1965లో వచ్చిన వృద్ధుల చట్టం కింద నడిచే భోజనం అది. ధర లేదు. తలుపు పక్కన మూతపెట్టిన ఒక డబ్బా ఉండేది. ఇవ్వగలిగినవాళ్లు వేస్తారు, ఎవరు ఎంత వేశారో ఎవరూ చూడరు. చేయి చాపే పని లేకుండా తినడం ఎంత గౌరవమో ఆ డబ్బా దగ్గర కూర్చుని నేర్చుకున్నాను.

ఎండాకాలంలో ఆరు వారాలు, పద్నాలుగు నుంచి ఇరవై నాలుగేళ్ల దాకా ఉన్న పిల్లలకు నగరమే జీతమిచ్చి పని నేర్పే పథకం ఉంది. ఒక ఏడాది పదిహేనేళ్ల కుర్రాణ్ణి నా దగ్గర వేశారు. వాడి పని పెద్దవాళ్లకు ఫోన్‌లో వీడియో కాల్ నేర్పడం. ఒక ముసలామెకు పదకొండుసార్లు చూపించాడు, విసుక్కోలేదు. పన్నెండోసారి ఆమె తనంతట తానే మనవరాలికి చేసింది. ఆ తర్వాతి వారం ఆమె వాడికి చొక్కా గుండీ కుట్టుకోవడం నేర్పింది. ఫారంలో ఇంకో ప్రశ్న కూడా ఉండేది మరి: "మీరు ఇక్కడ ఎవరికైనా ఏం నేర్పగలరు?"

ఇలాంటి చోట్లను అక్కడ సెటిల్‌మెంట్ హౌస్ అంటారు. చదువుకున్నవాళ్లు పేదల పేటలోనే ఇల్లు తీసుకుని అక్కడివాళ్లకు ఇరుగుపొరుగుగా బతకాలన్న ఆలోచన 1884లో లండన్‌లో టోయిన్బీ హాల్‌తో మొదలైంది. 1889లో షికాగోలో జేన్ ఆడమ్స్, తన స్నేహితురాలితో కలిసి హల్ హౌస్ పెట్టింది. నా మనసులో నిలిచిపోయింది మాత్రం న్యూయార్క్ నర్సు లిలియన్ వాల్డ్. 1893లో ఆమె వలస వచ్చిన ఆడవాళ్లకు, ఇంట్లో రోగిని ఎలా చూసుకోవాలో పాఠం చెబుతోంది. ఒక చిన్నపిల్ల వచ్చి అమ్మకు బాగాలేదని పిలుచుకుపోయింది. కాన్పు తర్వాత రక్తం పోతూ ఆ తల్లి మంచంలో పడి ఉంది. ఫీజు ఇవ్వలేరని డాక్టరు మధ్యలోనే వదిలేసి వెళ్లాడు. ఆ తర్వాత వాల్డ్ ఆ పేటలోనే కాపురం పెట్టింది. అదే హెన్రీ స్ట్రీట్ సెటిల్‌మెంట్ అయింది. గజ్జి, కంటిజబ్బు ఉన్న పిల్లలను బడి నుంచి ఇంటికి పంపేయడమే తప్ప మందు వేసే దిక్కులేని రోజుల్లో, 1902లో, తన నర్సు లీనా రోజర్స్‌ను నాలుగు బడులకు పంపింది. పిల్లలు మళ్లీ బడికి రావడం చూసి, నగరమే నర్సులను పెట్టుకుంది.

2020 మార్చి నడుమ నగరంలో పెద్దవాళ్ల సెంటర్లు మూసేశారు. భోజనం ఇళ్లకు పంపడం మొదలైంది. నాకు నలభై పేర్ల జాబితా ఇచ్చారు, రోజూ ఫోన్ చేయాలి. తిన్నారా, మందులున్నాయా, ఎవరితోనైనా మాట్లాడారా. కొందరికి ఆ రోజంతటికీ వినపడే గొంతు నాదొక్కటే. ఆ జాబితాలో మే నెలకు ఆరు పేర్లు కొట్టేయవలసి వచ్చింది. ఆ కాగితం ఇంకా నా దగ్గరుంది.

2022లో నాయన మోకాళ్ల ఆపరేషన్‌కని తిరుపతి వచ్చి, ఇక్కడే ఉండిపోయాం. అన్నానికి కరువున్న ఊరు కాదు మాది. తిరుమలలో 1985 నుంచి నిత్యాన్నదానం నడుస్తోంది. 1981లో రాయలసీమ సేవా సమితిగా తిరుపతిలో పుట్టిన రాస్ సంస్థ పసిపిల్లల నుంచి వృద్ధుల దాకా పనిచేస్తోంది. ఒకటో తేదీ సచివాలయం వాళ్లు పింఛను ఇంటికే తెచ్చిస్తున్నారు. నా బాధ మిగిలిన రోజుల గురించి. మా వీధిలో పద్నాలుగిళ్లలో పెద్దవాళ్లు మాత్రమే ఉన్నారు. పిల్లలు బెంగళూరులో, కువైట్‌లో, అమెరికాలో. మొన్నటిదాకా నేనూ ఆ పిల్లల్లో ఒకదాన్నే కాబట్టి ఎవరినీ తప్పు పట్టను.

ఒక నోటుపుస్తకం కొని పద్నాలుగు పేర్లూ రాశాను. పొద్దున పదికి ఫోన్. సాయంత్రం మా మిద్దె మీద కార్పొరేషన్ బడి పిల్లలకు రిటైరైన ఐవోరు లెక్కలు చెబుతాడు. ఆయనకు కళ్లు సరిగా కనపడవు, పదో తరగతి పిల్ల ఒకామె పేపరు చదివి వినిపిస్తుంది. అంతవరకూ సులువుగానే కుదిరింది. తాళంచెవి దగ్గరే ఆగింది. ఎవరూ ఒప్పుకోలేదు, అందరికన్నా ముందు మా నాయన.

"గడియ పెట్టుకోకుంటే నిద్ర ఎట్లా పడుతుంది మ్మా?"

"పడిపోతే తలుపు పగలగొట్టేదానికే గంట పడుతుంది నాయనా."

"నేనేం పడను."

నాలుగు నెలలు ఇదే మాట. అప్పుడు ఫారంలోని ఆ ఇంకో ప్రశ్న, "ఏం నేర్పగలరు?" అన్నది, గుర్తొచ్చింది. మా నాయన ముప్పై మూడేళ్లు పోస్ట్‌మ్యాన్‌గా చేశాడు. ఈ పేటలో ప్రతి గుమ్మమూ ఎరిగినవాడు. "వీధిలోవాళ్ల తాళంచెవులు నువ్వు పెట్టుకుంటావా?" అని అడిగాను. మాట్లాడకుండా లేచివెళ్లి ఒక చెక్క తెచ్చి, మేకులు కొట్టి, ఒక్కో మేకు కింద ఇంటి నంబరు రాశాడు. ఆయన అడిగితే కాదనలేక పదిమంది ఇచ్చారు. అందరివీ తన దగ్గర పెట్టుకుని తనది ఇవ్వకుండా ఉండలేకపోయాడు.

పోయిన ఆదివారం వడ్రంగి వచ్చి మా తలుపు గడియ తీసేసి, బయటి నుంచి కూడా తెరుచుకునే తాళం బిగించాడు. రెండో తాళంచెవిని ఎదురింటి అక్క పట్టుకెళ్లి వాళ్లింట్లో క్యాలెండర్ వెనక తగిలించింది. వీధిలో ఇంకా మూడిళ్లకు గడియలే ఉన్నాయి.