మదనమోహనుడి ఫిరంగి

మొక్కు తీర్చుకుని నాలుగు రోజులైంది, కాళ్ళనొప్పులు ఇంకా తగ్గలేదు.

ఆగస్టులో బాబుకి డెంగీ వచ్చింది. ప్లేట్‌లెట్లు పడిపోతున్న రాత్రి, ఖరగ్‌పూర్‌లో మా పక్క క్వార్టర్ కాకీమా వాడి మంచం పక్కన కూర్చుని జోలపాట పాడుతూ, "బిష్ణుపూర్ తీసుకొస్తానని మదనమోహనుడికి మొక్కుకో" అంది. బిష్ణుపూర్ బెంగాల్లోనే ఉంది, అక్కడి కృష్ణుడే మదనమోహనుడు. మొక్కుకున్నాను. వారానికి వాడు లేచి తిరిగాడు. డిసెంబరులో అత్తయ్యనీ వాణ్ణీ తీసుకుని రైలెక్కాను.

ఆ జోలపాట ఏళ్ళుగా వింటున్నదే, అర్థం అడిగింది మాత్రం ఇప్పుడే. పిల్లాడు పడుకున్నాడు, వీధి సద్దుమణిగింది, బర్గీలు దేశం మీద పడ్డారు, ధాన్యం పిట్టలు తినేశాయి, ఇక పన్నెలా కట్టేదని. ఇదా జోలపాట!

బర్గీలంటే మరాఠా రౌతులు. నాగపూర్ రఘూజీ భోంస్లే పంపితే భాస్కర పండిట్ 1742లో చౌత్ కోసం, అంటే ఆదాయంలో నాలుగో వంతు కప్పం కోసం, బెంగాల్ మీదికొచ్చాడు. పట్టు, వరి, ముర్షిదాబాద్ షావుకార్ల డబ్బు, ఏం తక్కువ అక్కడ? నవాబు అలీవర్ది ఖాన్ సైన్యం ఒక ఊరు చేరేసరికి వీళ్ళ గుర్రాలు ఇంకో ఊళ్ళో ఉండేవి. ఆ షావుకార్లలో పెద్దవాడు జగత్ సేఠ్ ఇల్లే దోచేశారు. ఆ ఏడే భాస్కర పండిట్ కాట్వా దగ్గర దుర్గాపూజ మొదలుపెట్టాడు. నవాబు వచ్చి పడటంతో మధ్యలో వదిలేసి పరుగెత్తాడు. ఊళ్ళు తగలబెట్టిన చేతులతో ఏ అమ్మవారికి హారతివ్వబోయాడో!

బిష్ణుపూర్ మీదికీ వచ్చారు. రాజు గోపాల సింగ్ మహా వైష్ణవుడు, సాయంత్రమయ్యేసరికి ఊరంతా హరినామం చెయ్యాల్సిందేనని శాసించినవాడు. ఆపద వచ్చినప్పుడూ కీర్తనే చెయ్యమన్నాడట. రాత్రి దళ్ మాదళ్ ఫిరంగి పేలింది, బర్గీలు పారిపోయారు, పొద్దున్న చూస్తే స్వామి చేతికి మందు మసి. రైల్లో ఈ కథ చెప్తే అత్తయ్య, "ఇందులో ఇంతేటుంది? మన అప్పన్న తుమ్మెదల్ని పంపి దండుని తరిమేడు కాదేటి?" అని తేల్చేసింది. సింహాచలం తరవాతే ఆవిడకి ఏ దేవుడైనా.

ఊరు దిగేసరికి మేళా రద్దీ. టోటోలన్నీ (బ్యాటరీ రిక్షాలు) నిండిపోయాయి, పిల్లాణ్ణి ఎత్తుకుని నడిచాం. గుడి ముందు ఫోటోల వాళ్ళు. 1694లో దుర్జన సింగ్ కట్టించిన ఇటుక గుడి, గోడల నిండా మట్టి బొమ్మలు. వాటిని చూడనివ్వకుండా ఒక జంట అదే స్తంభానికి ఆనుకుని అరగంట నవ్వుతూ నిలబడింది. నవ్వుకోండి నాయనా, కాస్త పక్కకి జరిగి! లోపల తోపులాట, నైవేద్యం వేళకి తలుపులు మూసేస్తారని కేకలు. వాడికి వీపులు తప్ప ఏమీ కనపడక ఏడుపు.

బెలూన్లమ్మే ముసలాయన ఎక్కణ్ణించి చూశాడో! కర్రని గోడకి ఆనించి వచ్చి, నన్నడక్కుండానే బాబుని భుజాల మీదికెత్తుకున్నాడు. వెనక రెండు బెలూన్లు ఊడి పైకెగిరిపోయాయి, ఆయన తిరిగైనా చూళ్ళేదు. ఆ సందులోంచి నాకూ కనపడింది: దండల మధ్య వేణువు కొస, రెండు కళ్ళు. అంతే, తెర. తర్వాతి రాజు చైతన్య సింగ్ ఈ స్వామిని కలకత్తా బాగ్‌బజార్‌లో తాకట్టు పెట్టాడనీ, అసలు మూర్తి అక్కడే ఉండిపోయిందనీ వాదించేవాళ్ళున్నారు. వాదించుకోనివ్వండి, నన్ను చూసిన కళ్ళు ఇవి. బెలూన్ల డబ్బులివ్వబోతే ముసలాయన బాబు బుగ్గ గిల్లి కర్ర భుజానేసుకున్నాడు.

ఫిరంగి పన్నెండడుగుల పైమాటే. ఇన్నేళ్ళ ఎండావానల్లోనూ తుప్పు పట్టలేదు. "సామి చెవులు మూసుకున్నాడా?" అన్నాడు బాబు. ఒక చేత్తో వత్తి ముట్టించాలి కదా, ఒక చెవే మూసుకుని ఉంటాడన్నాను. ఇక్కణ్ణించి తరిమితే మాత్రం బర్గీలు మానారా? 1744లో మాటలకని పిలిచి నవాబు భాస్కర పండిట్‌ని చంపించినా ఆగలేదు. చివరికి 1751లో ఏడాదికి 12 లక్షల చౌత్ ఒప్పుకున్నాడు, ఒడిశా కూడా చేజారింది. పన్నెలా కట్టాలన్న ఆ పాటలో తల్లి ఏడుపు ఉత్తదేం కాదు.

రాత్రి కాకీమా ప్రసాదం బతాసాలు కళ్ళకద్దుకుని, అలవాటుగా పాట అందుకుంది. బర్గీలు వచ్చే చోటు రాగానే బాబు ఒక చెవి మూసుకుని "ఢాం!" అన్నాడు.