ఒకే థ్రెడ్, రెండు కాంటెక్స్ట్‌లు

ఈ రోజంతా ఒక్క వరుస కోడ్ మార్చడానికే సరిపోయింది. ఉదయం కూర్చునేసరికి, నిన్న రాత్రి స్నాప్‌షాట్ (డిస్కు ఆ క్షణపు స్థితికి నకలు) తీస్తుండగా బిగుసుకుపోయిన క్యూఎము (ఒక కంప్యూటర్‌లో మరో కంప్యూటర్‌ను నడిపే ప్రోగ్రామ్) వర్చువల్ మెషిన్ అలాగే ఉంది. క్యూఎముకు ఆదేశాలిచ్చే చోటైన మానిటర్‌కు ఏది పంపినా జవాబు లేదు, సీపీయూ వాడకం కూడా దాదాపు సున్నా.

జీడీబీ అనే డీబగ్గర్‌తో మెయిన్ థ్రెడ్ స్టాక్, అంటే ఒకదాన్నొకటి పిలిచిన ఫంక్షన్ల వరుస, తీసి చూశాను. అడుగున స్నాప్‌షాట్ ఆదేశం డిస్కును డ్రెయిన్ చేస్తోంది, అంటే అప్పటికే బయలుదేరిన రిక్వెస్టులన్నీ ముగిసేదాకా ఆగుతోంది. దాని మీద నేను రాసిన హ్యాండ్లర్ (సంకేతం అందగానే నడిచే ఫంక్షన్), ఆ హ్యాండ్లర్ మీద అది అడిగిన ఒక చిన్న రీడ్ ఉన్నాయి. డ్రెయిన్ సాగుతున్నంతసేపు కొత్త రిక్వెస్టులు వరుసలో నిలబడాలి కాబట్టి, డ్రెయిన్ ముగిస్తే తప్ప ఆ రీడ్ కదలదు. ఆ రీడ్ ముగిసి హ్యాండ్లర్ వెనక్కి వస్తే తప్ప డ్రెయిన్ ముగియదు.

అసలు డ్రెయిన్ నడుమ నా హ్యాండ్లర్ ఎందుకు నడిచిందన్నదే ప్రశ్న. డ్రెయిన్ ఆగి చూసే సమయంలో, పూర్తయిన రిక్వెస్టుల కబురు అందడానికి మెయిన్ థ్రెడ్ తన ఈవెంట్ లూప్‌ను (కబుర్ల కోసం చూసి హ్యాండ్లర్లను నడిపే చక్రాన్ని) లోపలి నుంచే మరోసారి తిప్పుతుంది. అలా తిరిగేది డిస్కు పనులు చూసే బ్లాక్ లేయర్ వాడే ఏఐఓ కాంటెక్స్ట్ (కలిసి తిరిగే హ్యాండ్లర్ల గుంపు) ఒక్కటే. అదే థ్రెడ్‌లో ఐఓ హ్యాండ్లర్ కాంటెక్స్ట్ అని రెండోది ఉంది. అది మెయిన్ లూప్ మామూలుగా తిరిగేటప్పుడే తప్ప ఇలాంటి లోపలి నిరీక్షణల్లో తిరగదు. ఇంకొకరి పని సగంలో ఉండగా నడవకూడని హ్యాండ్లర్లకు చోటు అదే. రెండూ ఒకే థ్రెడ్‌లో నడుస్తాయి కదా అన్న ధీమాతో నేను నా ఈవెంట్ ఎఫ్‌డీని (నా హ్యాండ్లర్‌కు సంకేతం అందించేదాన్ని) మొదటి దానికి తగిలించాను. ఏ థ్రెడ్‌లో నడవాలో ఆలోచించాను గాని, ఎవరి నిరీక్షణ మధ్యలో నడవవచ్చో ఆలోచించలేదు.

మధ్యాహ్నం దీన్ని ఒక ఐఓథ్రెడ్‌కు, అంటే డిస్కు పనులకు కేటాయించే వేరే థ్రెడ్‌కు, మార్చేద్దామన్న ఆశ కలిగింది. డిస్కు రిక్వెస్టులకు అది సరైన చోటే, క్యూఎము 9.0 నుంచి ఒకే వర్టియో బ్లాక్ డివైస్ (వర్చువల్ డిస్కు) క్యూలను పలు ఐఓథ్రెడ్‌లకు పంచే వీలు కూడా వచ్చింది. కానీ నా హ్యాండ్లర్ నిమిషానికి నాలుగైదు సార్లు నడిచేది, పైగా అది తాకే డివైస్ స్థితికి రక్షణ, ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే అనుమతించే బిగ్ క్యూఎము లాక్. ఆ లాక్ పట్టుకున్న మెయిన్ థ్రెడ్ ఐఓథ్రెడ్ కోసం ఆగి, ఐఓథ్రెడ్ అదే లాక్ కోసం ఆగితే, ఇదే చిక్కు రెండు థ్రెడ్‌ల మధ్య మళ్లీ పడుతుంది. అందుకే ఆ దారి వదిలేశాను.

రీడ్‌ను కోరొటీన్‌గా (మధ్యలో ఆగి, తర్వాత కొనసాగగల ఫంక్షన్‌గా) మార్చడం ఇంకా మంచి మార్గమని నాకు తెలుసు, అది చేయాలి కూడా. ఈ రోజుకు మాత్రం హ్యాండ్లర్‌ను రెండో కాంటెక్స్ట్‌కు మార్చి, పైన కారణాన్ని మూడు వరుసల వ్యాఖ్యగా రాశాను. 9.0లోనే, ఒక్కో కాంటెక్స్ట్‌కు ఉండే ఏఐఓ కాంటెక్స్ట్ లాక్‌ను తీసివేశారు కనుక, డేటాను ఏది కాపాడుతోందో ఇప్పుడు కాంటెక్స్ట్‌ను చూసి చెప్పలేము, రాసినవారే చెప్పాలి.

సాయంత్రం ఈవెంట్ ఎఫ్‌డీకి ఎడతెగకుండా సంకేతాలు పంపుతూ రెండు వందల స్నాప్‌షాట్లు తీయించాను, ఒక్కసారి కూడా ఆగలేదు. అదే ఫైలులో మొదటి కాంటెక్స్ట్‌కు తగిలించినవి ఇంకో రెండు హ్యాండ్లర్లు కనిపించాయి. వాటి సంగతి రేపు ఉదయం.