నాన్నకి అన్నీ గుర్తున్నాయి, అయినా అది డిమెన్షియానే

1987లో ఉద్యోగంలో చేరిన తేదీ, నా పదో తరగతి హాల్ టికెట్ నంబరు, నాన్నకి అన్నీ గుర్తే. అందుకే ఆయనలో వచ్చిన మార్పు డిమెన్షియా, అంటే మెదడు క్రమంగా దెబ్బతినే జబ్బు, అయ్యుంటుందని మూడేళ్లు మాకు తట్టనే లేదు.

మారింది మనిషి. యాభై ఆరేళ్ల వయసులో సొంత చెల్లెలు పోతే, ఇంకా వాకిట్లోంచి ఎత్తకముందే "భోజనాలు ఎన్నింటికి?" అని అడిగారు. అందరూ అమ్మ వైపు చూశారు. ఆ చూపు అమ్మ ఇప్పటికీ మర్చిపోలేదు. తర్వాత తీపి మీదికి పోయింది. స్వీట్లు ముట్టని మనిషి, బెల్లం డబ్బా ఎక్కడ దాచినా వెతికి తినేవారు. ఒక పెళ్లిలో పక్కాయన విస్తట్లోంచి జాంగ్రీ తీసుకుని నోట్లో పెట్టుకున్నారు.

గుంటూరులో ఒకచోట డిప్రెషన్ అన్నారు. ఇంకోచోట అల్జీమర్స్ అని, దానికి వాడే డోనెపెజిల్ మాత్ర రాశారు. అది వేసుకున్నాక కుదురు ఇంకా తగ్గింది, రాత్రంతా హాల్లో తిరుగుడే.

చివరికి హైదరాబాద్‌లో న్యూరాలజిస్టుకి చూపించాం. నాన్నని పరీక్షించాక, అమ్మతో నాతో గంటసేపు మాట్లాడారు. "ముందు ఏది మారింది, జ్ఞాపకమా, స్వభావమా?" ఆ మాట అప్పటిదాకా ఎవరూ అడగలేదు. ఎమ్మారైలో నుదురు వెనకా, కణతల దగ్గరా మెదడు కుంచించుకుపోయింది. ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియా అన్నారు. అల్జీమర్స్‌లో సాధారణంగా ముందు దెబ్బతినేది కొత్త సంగతుల్ని నిలుపుకునే భాగమట, అందుకే పొద్దున తిన్నది మర్చిపోతారు. నాన్నకి దెబ్బతిన్నది ఎదుటివాళ్ల బాధ పట్టించుకునేలా చేసే భాగం, నలుగురిలో చెయ్యకూడనిది ఆపే భాగం. ఈ జబ్బు ఎక్కువమందికి 45-65 ఏళ్ల మధ్యే మొదలవుతుంది. కొందరికి ముందు మాట పోతుంది. నటుడు బ్రూస్ విల్లిస్‌కి ఈ జబ్బేనని 2023లో ఆయన కుటుంబం చెప్పింది, ఆయనకి మాటతోనే మొదలైంది.

దీన్ని ఆపే మందు లేదని డాక్టరు దాచకుండా చెప్పారు. డోనెపెజిల్ మాన్పించి, నిద్రకి వేరే మాత్ర ఇచ్చారు. ఏటీఎం కార్డు మా దగ్గరే ఉంచుకోమన్నారు. వాదించొద్దు, తిట్టొద్దు అన్నారు. అమ్మకి కష్టమైంది అదే.

తిరుగు బస్సులో నాన్న కిటికీ పక్కన నిద్రపోయారు. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. నల్గొండ దాటాక ఫోన్ తీసి మా మేనత్త కొడుక్కి చేసింది. "మీ అమ్మంటే మావయ్యకి ప్రాణం రా. ఆ రోజు అలా అడిగింది ఆయన కాదు, జబ్బు" అంది.