ఒక్క ఫోన్ నంబర్ విడగొట్టేసరికి తల ప్రాణం తోకకొచ్చింది

నేను విజయవాడలో ఇంట్లోనే మగ్గం వర్క్ చేస్తానండి. ఆర్డర్లన్నీ ఇన్‌స్టాగ్రామ్ నుంచే, పేజీలో నా నంబర్ పెట్టేశా, పెట్టకపోతే ఎవరడుగుతారు మరి. ఆ నంబరే బ్యాంక్‌కి, ఆధార్‌కి, గ్యాస్‌కి, పాప స్కూల్‌కి, పదకొండేళ్లుగా అన్నిటికీ అదే.

2024లో పెళ్లిళ్ల సీజన్ అప్పుడు ఒకతను వాళ్ల చెల్లికి బ్లౌజ్ కావాలన్నాడు, అడ్వాన్స్ 500 యూపీఐలో వేశాడు. మర్నాడు రాత్రి పదకొండింటికి మెసేజ్, నన్ను ఇంటిపేరుతో సహా పిలిచి "మీ పాప యాన్యువల్ డేలో డాన్స్ బాగా చేసిందండీ" అని. పేజీలో నా పేరే ఉండదు, పాప ఊసు అసలే లేదు. చేతిలో సూది అలాగే ఆగిపోయింది. తర్వాత కూర్చుని ఆలోచిస్తే పెద్ద తెలివి కూడా అక్కర్లేదు, డబ్బులు వేసేటప్పుడు బ్యాంక్‌లో ఉన్న నా పూర్తి పేరు కనపడింది, అది ఫేస్‌బుక్‌లో కొడితే నా ప్రొఫైల్, అందులో మా ఆడపడుచు ట్యాగ్ చేసిన స్కూల్ ఫోటో. అంతే, రెండు నిమిషాల పని.

అడ్వాన్స్ వెనక్కి వేసి బ్లాక్ చేశా. మా ఆయన "నంబర్ మార్చేయ్, గొడవ వదిలిపోతుంది" అన్నారు. బెంగళూరులో ఉండే మా తమ్ముడు మాత్రం "అక్కా, ఆ పని చెయ్యకు, సిమ్ వదిలేస్తే 90 రోజులు దాటాక ఆ నంబర్ ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారు, నువ్వు ఎక్కడైనా మార్చడం మర్చిపోతే నీ ఓటీపీ వాళ్లకి పోతుంది. ఊరందరికీ తెలిసిపోయిన నంబర్‌ని ఇప్పుడెలా దాస్తావు, దాన్ని షాపుకి వదిలేసి ఇంటి వ్యవహారాలు కొత్తదానికి మార్చు" అన్నాడు. నేను సరిగ్గా తిరగేసి ఆలోచిస్తున్నా, షాపుకి కొత్త నంబర్ తీసుకుందామని. చివరికి వాడి మాటే విన్నా.

పాప రఫ్ నోట్‌బుక్ తీసుకుని పాత ఎస్సెమ్మెస్‌లన్నీ పైకి జరుపుకుంటూ ఎక్కడెక్కడ ఆ నంబర్ ఇచ్చానో రాశా. 43 తేలాయి, అందులో ఎప్పుడో ఒకసారి చీర కొని మళ్ళీ గడప తొక్కని షాపులే ఏడు.

కొత్త సిమ్ తెచ్చిన రోజు సాయంత్రమే ఫోన్, "లోన్ కట్టరా" అని ఒకడు అరుస్తున్నాడు, ఎవరో మగాయన పేరు చెప్పి. నేను కాదు బాబూ అంటే వినడు. వాట్సాప్‌లో నా కొత్త నంబర్ సేవ్ చేసి చూస్తే ట్రాక్టర్ పక్కన మనవణ్ణి ఎత్తుకున్న పెద్దాయన ఫోటో ఉంది, పాపం ఆయన వదిలేసిన నంబర్ నాకు అంటగట్టారన్నమాట. తమ్ముడు చెప్పిన 90 రోజుల సంగతి కళ్ళారా చూశా. ఆ సిమ్ పక్కన పడేసి ఇంకోటి తీసుకున్నా, ఈసారి సిమ్ అమ్మే షాపులో నిలబడే వాట్సాప్‌లో వెతికి, ఎవరూ లేరని చూసుకుని మరీ.

సిమ్‌ల పనిలో ఉండగానే ప్రభుత్వం వాళ్ల సంచార్ సాథీ వెబ్‌సైట్లో నా పేరు మీద ఎన్ని కనెక్షన్లు ఉన్నాయో చూశా. ఒకటి నాకు తెలియనిది కనపడింది. గుండె గుభేలుమంది, నాది కాదని రిపోర్ట్ కొట్టేదాన్నే, చివరి అంకెలు చూసి ఆగా. అత్తయ్యగారిది. ఎప్పుడో నా ఆధార్ మీదే తీసిచ్చాం. కొట్టేసుంటే ఇంట్లో నా పని అయిపోయేది.

అసలు తిప్పలు ఆధార్ సెంటర్లో. నంబర్ మార్చాలంటే వేలిముద్ర కావాలన్నారు, మగ్గం మీద కూర్చునేవాళ్ళ వేళ్ళు మీకు తెలుసుగా, ఒక చెయ్యి బట్ట కింద దారం అందిస్తుంటుంది, సూది మొన తగిలీ తగిలీ ఆ వేళ్ళ కొసలు అరిగిపోయి ఉంటాయి. నాలుగుసార్లు పెట్టినా పడలేదు, ఆ అబ్బాయి తడిగుడ్డ ఇచ్చి తుడుచుకోమన్నాడు, చివరికి కుడిచేతి చిటికెన వేలు పడింది. అప్పట్లో 50 రూపాయలు, కట్టి వచ్చా. బ్యాంక్‌లో ఫారం ఇచ్చి మార్పించుకున్నా, గ్యాస్, స్కూల్ ఒకదాని తర్వాత ఒకటి. నాలుగు వారాలు పట్టింది అన్నీ అయ్యేసరికి.

డబ్బుల కోసం షాపు పేరు మీద వ్యాపారులకిచ్చే క్యూఆర్ తీసుకున్నా, అప్పుడు వేసేవాళ్ళకి షాపు పేరే కనపడింది. పేజీకి వేరే జీమెయిల్ పెట్టా. పాస్‌వర్డ్‌లు బిట్‌వార్డెన్ అని పాస్‌వర్డ్‌లు దాచే యాప్‌లో, అంతకుముందు అన్నిటికీ పాప పుట్టినరోజే, నవ్వకండి. షాపుకి పాత ఫోన్ ఒకటి పూర్తిగా తీసి పెట్టా, అందులో బ్యాంక్ యాప్ లేదు, చుట్టాల నంబర్లు లేవు.

ఇక్కడా ఒక పొరపాటు చేశా. షాపు ఫోన్‌లో పాత కాంటాక్టులు తుడవకముందే ఒక యాప్ వేశా, అది కాంటాక్ట్స్ చూడొచ్చా అంటే అలవాటుగా అలౌ నొక్కేశా. రెండో రోజుకి మా పిన్ని కూతురు "అక్కా ఈ బ్లౌజుల పేజీ నీదేనా, నాకు చూపిస్తోంది" అని ఫోన్. ఇంత కష్టపడి విడగొట్టింది ఒక్క నొక్కుతో కలిపేశా. సింక్ ఆపి, అప్‌లోడ్ అయిన కాంటాక్టులు డిలీట్ చేసి, మళ్ళీ మొదటి నుంచి.

ఇంకోటి నాకు అస్సలు తెలియదు. కుందన్ ఎలా కూర్చానో జూమ్ చేసి చూడాలి, ఫోటో మసకగా వస్తోందని కస్టమర్లు అంటే వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపేదాన్ని. మామూలుగా పంపితే ఫోటో తగ్గిపోయి అందులో లొకేషన్ కూడా పోతుందట, డాక్యుమెంట్‌గా పంపితే కెమెరా రాసినవన్నీ అలాగే వెళ్తాయి. అంటే ఏడాదిగా నేను బ్లౌజ్‌తో పాటు మా ఇంటి అడ్రస్ కూడా పంపుతున్నా! కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆపేశా. ఫోటో వెనక గోడకి పాప స్కూల్ ఐడీ కార్డు తగిలించి ఉండేది, అది కూడా తీసి బీరువాలో పెట్టా.

"మనమేమన్నా దొంగ వ్యాపారం చేస్తున్నామా" అని మా ఆయన ఒకటే వెటకారం. అయినా రాత్రి తొమ్మిదికి షాపు ఫోన్ సొరుగులోకి పోతుంది, మా ఇంట్లో అదొక పండగ.

రెండు నెలల క్రితం కొత్త నంబర్‌కి, బ్యాంక్, ఆధార్, గ్యాస్, స్కూల్‌కి తప్ప బయట ఎవరికీ ఇవ్వని నంబర్‌కి, "మేడమ్, మీకు 120 పాయింట్లు వచ్చాయి" అని మెసేజ్. ఆరా తీస్తే మా ఆయనే, సూపర్ మార్కెట్ బిల్ కౌంటర్‌లో అడిగితే నా నంబర్ చెప్పేశారట. ఇప్పుడు ఆయన పర్సులో షాపు నంబర్ చీటీ పెట్టా, నెయిల్ పాలిష్‌తో రాసి, చెరిగిపోకుండా.