పదిహేను మంది, అయిదు గదులు, వంటిల్లు వద్దు

మా ఇంట్లో ఊరికి వెళ్ళాలంటే పనులు ఎవరూ చెప్పకుండానే పంపకాలైపోతాయి. రైలు టికెట్లు మా ఆయనవి. అక్కడ తిరగడానికి బండి బావగారిది. మందుల సంచి అక్కది, అంటే మా తోడికోడలిది. బస మాత్రం నాది. ఎందుకని అడిగితే, "టీచరువి కదా, పది మందిని ఎక్కడెక్కడ కూర్చోబెట్టాలో నీకే తెలుస్తది" అన్నాడు మా ఆయన. వీళ్ళు పది మంది కాదు, పదిహేను. పైగా క్లాసులో పిల్లలు రాత్రి పడుకోరు.

2025 దసరా సెలవులకు మైసూరు అనుకున్నాం. ప్యాలెస్ దీపాలు చూడాలని మామయ్య ఎన్నేళ్ళ నుంచో అంటున్నాడు. ఆయనకిప్పుడు 78. కానీ సద్దుల బతుకమ్మ నాటికి అత్తయ్య సూర్యాపేటలో ఉండి తీరాలి. అది సెప్టెంబర్ 30న. ఏనుగు మీద 750 కిలోల బంగారు అంబారీ ఊరేగే జంబూ సవారీ అక్టోబర్ 2న. రెండూ కుదరవు. సవారీ టీవీలో చూసుకుందాం, దీపాలు మాత్రం అక్కడే చూద్దాం అని 24 రాత్రి కాచిగూడలో ఎక్కి, 28 మధ్యాహ్నం మైసూరులో తిరుగు రైలెక్కేలా అనుకున్నాం.

పిల్లలు సవారీ పోయిందని మూతులు ముడిచారు గానీ, నేను మొదటి ఫోన్ చేసినప్పుడే అర్థమైంది, బతుకమ్మ తల్లి మా పర్సును కాపాడిందని. ఒక లాడ్జివాళ్ళు ముగ్గురు పట్టే గదికి 25వ తేదీన 3,200 అన్నారు. అదే గది అక్టోబర్ 1న ఎంతని ఊరికే అడిగాను. 8,000, అదీ మూడు రాత్రులకు తక్కువైతే ఇవ్వరట.

జూలై మొదట్లో ఇంటి గ్రూపులో చర్చ మొదలైంది. బావగారు వెంటనే తేల్చేశారు. "పెద్ద ఇల్లు తీసుకుందాం. గ్యాసు, గిన్నెలు అన్నీ ఉంటయి. బియ్యం, పప్పు మనమే తీసుకపోతే సొంతింట్ల ఉన్నట్టే ఉంటది." కింద నాలుగు బొటనవేళ్ళు పడ్డాయి. నాలుగూ మగవాళ్ళవే.

అక్క నాకు విడిగా ఫోన్ చేసింది. "వైజాగ్ యాదికుందా?" అంది. మరిచిపోతే కదా. 2019 సంక్రాంతికి ఇలాగే వంటిల్లున్న ఇల్లు తీసుకున్నాం. సముద్రం కనపడుతుందని అద్దె ఎక్కువ. నిజంగానే కనపడింది, వంటింటి కిటికీలోంచి. నాలుగు రోజులు నేనూ అక్కా ఆ కిటికీ దగ్గరే ఉన్నాం. పొద్దున ఉప్మా దింపేసరికి వీళ్ళు బీచ్ నుంచి ఆకలితో వచ్చేవాళ్ళు, గిన్నెలు కడిగేసరికి మధ్యాహ్నం వంట వేళయ్యేది. ఇంటికొచ్చాక ఎవరో "వైజాగ్ ఎట్లుంది?" అంటే అక్క, "చారు మంచిగ కుదిరింది" అని చెప్పింది.

అందుకే ఈసారి నా నోట్‌బుక్కులో మొదటి షరతు రాసుకున్నాను. వంటిల్లు ఉండకూడదు. ఉంటే ఎవరో ఒకరు "కొంచెం అన్నం పడేస్తే అయిపాయె" అంటారు. ఆ పడేసేది ఎవరో అందరికీ తెలుసు. గ్రూపులో మాత్రం ఈ మాట అనలేదు. "వంటిల్లున్నవి దొరకట్లేదు" అని పెట్టాను. దొరికాయి. చాలా దొరికాయి.

వాటిలో కొన్నింటిని చూశాను కూడా, అబద్ధం పూర్తిగా అబద్ధం కాకూడదని. గోకులం వైపు ఇళ్ళు బాగుంటాయి. యోగా నేర్చుకోవడానికి విదేశాల నుంచి వచ్చి నెలల తరబడి ఉండేవాళ్ళ కోసం సామాన్లతో సహా అద్దెకిచ్చే ఇళ్ళు అక్కడ ఎక్కువ. కానీ అవి ఒకరికో ఇద్దరికో సరిపడేవి. "15 మందికి సరిపోతుంది" అని ఒక ప్రకటన కనపడితే ఫోన్ చేశాను. యజమాని "ఎష్టు జన?" అన్నాడు. కన్నడ రాకపోయినా అర్థమైంది. పదిహేను అన్నాను. "హదినైదా!" అన్నాడు, ఆ ప్రకటన తను వేయనట్టే. రెండు పడగ్గదులు, హాల్లో దివాను, మిగతా వాళ్ళకు కింద పరుపులు. బాత్రూములు రెండు.

అక్కడ ఆగి లెక్కేశాను. మనిషికి పావుగంట చొప్పున రెండు బాత్రూముల్లో పదిహేను మంది తెమలడానికి దాదాపు రెండు గంటలు. మా ఆడపడుచు కొడుకు ఒక్కడే అరగంట తీసుకుంటాడు, వాడికి పదిహేనేళ్ళు, అద్దం కొత్త. మామయ్య లోపలికి పేపర్ తీసుకెళ్తాడు. వేడినీళ్ళు ఎలా అంటే సోలార్ అన్నాడు. మబ్బు పడితే? "దేవుడి దయ" అన్నాడు, ఆ ముక్క తెలుగులోనే.

ఆ రోజు నుంచి ఎంతమంది పడుకోవచ్చు అని అడగడం మానేశాను. పడుకోవడానికేముంది, పెళ్ళిళ్ళలో జంపఖానా మీద యాభై మంది పడుకుంటాం. ఎన్ని బాత్రూములు, ఎన్ని గీజర్లు, ఎన్నింట్లో కమోడ్ ఉంది, ఇవే అడిగేదాన్ని. అత్తయ్యకు మోకాళ్ళు, చిన్నత్తయ్యకు నడుము. కింద వేసిన పరుపు మీది నుంచి ఇద్దరూ లేవలేరు. "ఎక్స్‌ట్రా బెడ్" అంటే మంచం అనుకునేదాన్ని ఇదివరకు. అది పరుపే, మంచం కాదు. ఈ ఒక్క మాట అడక్కపోతే అక్కడికి వెళ్ళాక పెద్దవాళ్ళు నేల మీద, పిల్లలు మంచాల మీద అవుతుంది. లేదా తిరగేసి, ఏడుపులు.

ఒక మోసం కూడా తగిలింది. మూడంతస్తుల ఇల్లు, ఆరు బాత్రూములు, అద్దె సగానికి సగం. ముందే మొత్తం డబ్బు ఫోన్‌పే చేస్తే బుకింగ్ అట. మా అమ్మాయికి పన్నెండేళ్ళు. నా భుజం మీది నుంచి ఫోటోలు చూస్తూ, "అమ్మా, మైసూరులో సముద్రం ఉందా?" అంది. బాల్కనీ ఫోటోలో కొబ్బరిచెట్ల వెనక నీలంగా సముద్రం! అన్నిసార్లు ఆ ఫోటో చూసి నేను చెట్లే చూశాను. వైజాగ్ దెబ్బకి సముద్రాన్ని చూడటం మర్చిపోయానేమో.

చివరికి ధన్వంతరి రోడ్డుకు దగ్గర్లో ఒక లాడ్జి కుదిరింది. పేరు రాయను, ఎందుకో చివర్లో తెలుస్తుంది. కొత్తదేమీ కాదు, సోఫాలు వెలిసిపోయి ఉన్నాయి. కానీ రెండో అంతస్తులో ఒకే వరసలో అయిదు గదులు, గదికి మూడు మంచాలు, గదికో బాత్రూము. రైల్వే స్టేషన్ దగ్గర. దేవరాజ మార్కెట్‌కు నడిచి వెళ్ళొచ్చు, ఓపికుంటే ప్యాలెస్‌కు కూడా. దసరా సాయంత్రాల్లో ప్యాలెస్ చుట్టూ రోడ్లు మళ్ళిస్తారు కాబట్టి, ఊరి బయట పెద్ద హోటల్లో దిగి బండిలో వద్దామనుకునే వాళ్ళు దీపాలకంటే ముందు వెనక లైట్లు చూస్తారు. ఇంకో మంచి సంగతి, అక్కడ చెకౌట్ 24 గంటల పద్ధతి. రైలు దిగి పదింటికి గదిలోకి వెళ్తే లెక్క పదింటి నుంచే. పన్నెండు దాకా పదిహేను మంది రిసెప్షన్‌లో సూట్‌కేసుల మీద కూర్చునే అవసరం లేదు.

లిఫ్ట్ ఉందన్నాడు మేనేజర్. ఉందంటే సరిపోదని అనుభవం. వీడియో కాల్ చేయమన్నాను. రోడ్డు మీద గేటు దగ్గర మొదలుపెట్టి, గదిలో మంచం దాకా ఫోన్ పట్టుకుని నడవమన్నాను. "మేడమ్, ఇలా ఎవరూ అడగలేదు" అన్నాడు గానీ నడిచాడు. గేటు నుంచి లిఫ్ట్ దాకా ఏడు మెట్లున్నాయి, పట్టుకోడానికి కమ్మీ ఉంది. ఏడు మెట్లు అత్తయ్య ఎక్కగలదు. ఆ లెక్క కూడా రాసుకున్నాను.

గదికి రోజుకు 3,000, అయిదు గదులు, మూడు రాత్రులు, 45,000. పైన 12 శాతం జీఎస్టీ. 15,000 అడ్వాన్సు, సెప్టెంబర్ 10 లోపు మానుకుంటే వాపసు ఇస్తామని వాట్సాప్‌లో రాయించుకున్నాను. ఇదంతా రైలు టికెట్ల కంటే ముందే. మా ఆయన తలకిందులన్నాడు. రైలు బుకింగ్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తారు, పైగా ఒక టికెట్టు మీద ఆరుగురే. జూలై 26 పొద్దున ఎనిమిదింటికి ముగ్గురు మూడు ఫోన్లలో కూర్చుని ఆరు, ఆరు, మూడు అని కొట్టారు. మూడూ దొరికాయి, మూడు వేర్వేరు బోగీల్లో. ఆ సంగతి ఆయనే ఎప్పుడైనా రాసుకుంటాడు.

అసలు పని అప్పుడు మొదలైంది. అయిదు గదుల్లో ఎవరు ఎవరితో?

మామయ్య గురక పక్క గదికి వినపడుతుంది. చిన్నత్తయ్య నాలుగింటికి లేచి విష్ణు సహస్రనామం చదువుతుంది, మనసులో కాదు. బావగారమ్మాయికి 17, "నాకు విడిగా గది కావాలి" అని అందరికంటే ముందు చెప్పింది. రెండు గదుల్లోనే ఏసీ ఉంది. అది తెలియగానే అత్తయ్య ఫోన్. "అల్లునికి ఏసీ గది ఇచ్చినవా బిడ్డా?" అల్లుడంటే మా ఆడపడుచు భర్త, పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు, అయినా ఇంకా అల్లుడే. ఇచ్చాను అత్తయ్యా అన్నాను. రెండోది మామయ్యకు, తోడుగా గురకకు చెదరని ఇద్దరు పెద్ద పిల్లలు. అత్తయ్యా చిన్నత్తయ్యా ఒక గది, మూడో మంచం ఖాళీ. ఆ మంచం ఎవరిదో అందరికీ అర్థమైంది, 17 ఏళ్ళ పిల్లకు తప్ప. అది గ్రూపులోంచి రెండు రోజులు వెళ్ళిపోయింది.

పట్టిక రాసి, గదుల నెంబర్లు వేసి పంపాను. రైలు దిగిన మొదటి రాత్రికే ఆ పట్టిక చెల్లలేదు. అల్లుడుగారికి సైనస్ అట, ఏసీ కట్టేసి కిటికీ తెరిచారు. అది తెలిసి పిల్లలంతా పరుపులు ఈడ్చుకుంటూ మామయ్య గదిలోకి చేరారు, గురకతో సహా చల్లగా ఉందని. నేను పదకొండింటికి లెక్క చూసుకోడానికి వెళ్తే ఒక గదిలో ఏడుగురు, ఒక గదిలో బావగారూ అక్కా ఇద్దరే. అక్క తలుపు తీసి నన్ను చూసి మళ్ళీ వేసుకుంది.

దీపాలు చూశాం. దాదాపు లక్ష బల్బులు ఒక్కసారి వెలుగుతాయని చదివాను, కానీ వెలిగేటప్పుడు మామయ్య "ఓ" అని ఆగిపోయింది నేను చదవలేదు. పొద్దున నజర్‌బాద్‌లో మైలారి దోశకు మూడు జట్లుగా కూర్చున్నాం. అక్కా నేనూ మొదటి జట్టు. అదేమీ యాదృచ్ఛికం కాదు.

బిల్లు దగ్గర చిన్న యుద్ధం. సెప్టెంబర్ 22 నుంచి 7,500 వరకు ఉన్న గదులకు జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. మేం దిగింది 25న. బిల్లులో మాత్రం పాత 12. జూలైలో బుక్ చేశారు కదా అన్నాడు మేనేజర్. మేం ఉన్నది జూలైలో కాదు, బిల్లు వేస్తున్నదీ జూలైలో కాదు అన్నాను. 5,400 బదులు 2,250. తేడా 3,150. ఎవరికో ఫోన్ చేసి, కంప్యూటర్‌తో కాసేపు కుస్తీ పట్టి మార్చిచ్చాడు. ఆ డబ్బు దేవరాజ మార్కెట్ దగ్గర మైసూర్‌పాకు కింద అరగంటలో కరిగింది.

ఇక అత్తయ్య సంచి సంగతి. కాచిగూడలో బావగారు దాన్ని ఎత్తలేక, "ఏమున్నదమ్మా ఇందుల?" అంటే "చీరెలు" అంది. రెండో రాత్రి తొమ్మిదింటికి అంతస్తు మొత్తం కరెంటు పోయింది. పైకీ కిందికీ ఉంది, మాకే లేదు. టార్చి వేసుకుని అత్తయ్య గదికి వెళ్తే, మంచం పక్కన నేల మీద, తువ్వాలు కప్పి, సూర్యాపేట నుంచి చీరెల మధ్య వచ్చిన రైస్ కుక్కరు. "మీ మామయ్యకు రెండు దినాల సంది అన్నం సరిగ పోతలేదు. ఇంత పెరుగన్నం కలుపుదామని" అంది. పక్కనే పెరుగు ప్యాకెట్, మామిడికాయ పచ్చడి సీసా. చిన్నత్తయ్య చీకట్లోనే పళ్ళెం కడుగుతోంది.

గదుల్లో వంట నిషేధమని తలుపు వెనక నాలుగు భాషల్లో రాసి ఉంది. మేనేజర్ పైకొచ్చాడు. ఫ్యూజు పెట్టె తెరిచి, మా తలుపు దగ్గర ఆగి, ఏం పెట్టారు మేడమ్ అన్నాడు.

"ఇస్త్రీ పెట్టె" అన్నాను.

ఆయన ఒక్కసారి గాలి పీల్చాడు. వేడి అన్నం వాసన వరండా చివరిదాకా ఉంది. "ఉడికాక తీసేయండి" అని వెళ్ళి కరెంటు వేశాడు.