తపాలు సెక్షన్ ముద్ర

మా కాలనీ మలుపు దగ్గర కూరగాయలు, పూలు, అరటిపళ్లు అమ్మేవాళ్లకు గుర్తింపు కార్డులు వచ్చాయి. నిన్న సాయంత్రమే చేతికి అందాయి. ఇది ఎలా సాధించారని వేరే పేటల నుంచి కూడా అడుగుతున్నారు కాబట్టి కోపం చల్లారకముందే రాస్తున్నాను. చల్లారాక రాస్తే అందరూ మంచివాళ్లయిపోతారు.

నేను తపాలా శాఖలో పనిచేసి రిటైరయ్యాను. చదువు రాని వాళ్లకు మనియార్డరు ఫారాలు నింపి, ఉత్తరాలు రాసిపెట్టిన తరం మాది. అందుకు ఎవరి దగ్గరా కాఫీ నీళ్లు కూడా తాగలేదు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో ముందుకు వెళితే తెలుస్తుంది.

మామిడికాయల కాలంలో ఒక ఉదయం ఆక్రమణల తొలగింపు అంటూ లారీ వచ్చింది. కాటాలు, గొడుగులు, ఒక తోపుడు బండి ఎక్కించుకుని పోయింది. కాలనీ సంక్షేమ సంఘం వాళ్లు రాకపోకలకు అడ్డంగా ఉందని ఫిర్యాదు చేశారట. ఆ సంఘం పెద్దల కార్లు అదే రోడ్డు మీద రాత్రింబగళ్లు నిలబడి ఉంటాయి. ఒక్క కారు ఆక్రమించే చోటులో నాలుగు తట్టలు పెట్టుకోవచ్చు. కారుకు మాత్రం ఆక్రమణ అనే పేరు రాదు. ఫిర్యాదు మీద సంతకం పెట్టిన పెద్దమనిషి ఆ సాయంత్రం నా దగ్గరకు వచ్చి, ‘ములక్కాడలు ఎక్కడా దొరకడం లేదండీ’ అన్నాడు.

వీధి విక్రయదారుల చట్టం 2014లో వచ్చింది. ఊరికే రాలేదు. వీధిలో వ్యాపారం చేసుకోవడం కూడా రాజ్యాంగం ఇచ్చిన వృత్తి హక్కు కిందికే వస్తుందని, దాన్ని క్రమబద్ధం చేయవచ్చు గానీ లేకుండా చేయకూడదని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. అంతకుముందు నుంచే, 1972లో ఇలా భట్ అనే ఆవిడ మొదలుపెట్టిన ‘సేవా’ (SEWA) అనే శ్రామిక మహిళల సంఘం అహ్మదాబాదు బజారుల్లో కూరగాయల ఆడవాళ్లను కూడగట్టి కొట్లాడుతూ వచ్చింది. ఇలాంటి పోరాటాల తర్వాత వచ్చిన చట్టంలో రెండు సంగతులు అందరూ కంఠస్థం చేయాలి. ఒకటి, మూడో సెక్షను. వీధిలో అమ్మేవాళ్ల సర్వే పూర్తయి, అర్హులందరికీ ధ్రువపత్రాలు ఇచ్చేవరకూ ఎవరినీ ఖాళీ చేయించకూడదు. రెండు, పందొమ్మిదో సెక్షను. సరుకు స్వాధీనం చేసుకుంటే జాబితా రాసి, సంతకం చేసి, నకలు ఇవ్వాలి. కుళ్లిపోయే సరుకైతే అడిగిన రోజే తిరిగి ఇవ్వాలి, మిగతా వస్తువులు రెండు పనిదినాల్లో. ఆ రోజు లారీ వాళ్లు జాబితా కాదు కదా, చిత్తు కాగితం మీద గీత కూడా గీయలేదు.

కార్డుల కోసం అర్జీ పెడదామనుకున్నాం. ఆధార్ నకళ్లు, ఫొటోలు, బ్యాంకు పుస్తకాలు పోగుచేయడం ఒక్క పూట పని. మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) తరఫున పేటల్లో తిరిగే ఒకామె చాలా సాయం చేసింది. సర్వేలో పేరు లేనివాళ్లు తెల్లకాగితం మీద అర్జీ పెట్టుకోవచ్చని, పురపాలక సంఘం విచారించి సిఫారసు లేఖ ఇవ్వాలని, దానికి పదిహేను రోజుల గడువు ఉందని చెప్పింది ఆమే. వీధి వ్యాపారులకు అప్పులిప్పించే పీఎం స్వనిధి పథకం మార్గదర్శకాల్లో ఇది ఉంది. పద్నాలుగు మంది పేర్లతో అర్జీలు రాశాను. నా దస్తూరీ బాగుంటుందని అందరూ అంటారు.

అసలు కథ ఇక్కడ మొదలవుతుంది.

అర్జీ ఇవ్వడానికి నాతో ఇద్దరు వచ్చారు. ఆకుకూరలు అమ్మే పెద్దామె ఒకరు, పూలావిడ ఒకరు. పురపాలక కార్యాలయంలో బయటి నుంచి వచ్చిన కాగితాలు తీసుకునే చోటును తపాలు సెక్షన్ అంటారు. అక్కడి గుమాస్తా మా కాగితాలు చూసి, ‘సారు చూసి వేయమంటేనే ముద్ర వేస్తాను’ అన్నాడు. వచ్చిన కాగితం వచ్చిందని రాసివ్వడానికి సారు అనుమతి ఎందుకో నాకు అర్థం కాలేదు. ఆ లెక్కన పోస్టుమాస్టరుగారు చదివి బాగుందంటేనే మేము ఉత్తరానికి ముద్ర కొట్టి ఉండాల్సింది. సరే, పైకి వెళ్లాం.

పై గదిలో అధికారి నన్ను చూసి కుర్చీ చూపించాడు. వాళ్లిద్దరి వైపు చూడలేదు. నేను కూర్చోలేదు. దానితోనే ఆయనకు చికాకు మొదలైనట్టుంది.

‘మీకేమిటి సంబంధం?’ అన్నాడు.

అదే రోడ్డులో ఉంటానని, వాళ్ల దగ్గర కొనుక్కుంటానని చెప్పాను.

‘వీళ్లు మీ బంధువులా?’

కాదన్నాను.

‘మరి ఒక్కొక్కరు ఎంత ఇస్తామన్నారు?’

గదిలో ఇంకో నలుగురు ఉన్నారు. ఒకాయన నవ్వాడు. నోట మాట రాలేదు నాకు. పెద్దామె నా మీద జాలిపడి మధ్యలో కల్పించుకుంది. ‘మాకు రాయడం రాదు బాబూ, పోస్టు బాబుగారు రాసిపెట్టారు’ అంది. ‘రాసిపెట్టడానికి ఎంత తీసుకున్నాడనే అడుగుతున్నాను’ అన్నాడాయన. ఈసారి నలుగురూ నవ్వారు. ఈ మధ్య ఇలాంటి దళారులు ఎక్కువయ్యారని, పథకం పేరు చెప్పి పేదవాళ్ల దగ్గర వసూలు చేస్తున్నారని, నా వివరాలు రాసుకోమని పక్కనున్న కుర్రవాడికి చెప్పాడు. ఆ కుర్రవాడు నా పేరు, ఇంటి నంబరు అడిగి రాసుకున్నాడు. గమనించండి, ఆ కార్యాలయంలో మా అర్జీ ఎవరూ రాసుకోలేదు గానీ నన్ను మాత్రం రాసుకున్నారు.

తర్వాత రుజువుల సంగతి ఎత్తాడు. అక్కడ వ్యాపారం చేస్తున్నట్టు ఆధారం ఏదన్నాడు. పెద్దామె నడుముకు చెక్కుకున్న సంచి విప్పి ఆశీలు చీట్ల కట్ట తీసింది. వీధిలో అమ్ముకున్నందుకు రోజూ కాంట్రాక్టరు మనిషి వచ్చి డబ్బు తీసుకుని ఇచ్చే చీట్లు. చెమటకు తడిసి, రబ్బరు బ్యాండు వేసి, ఎన్నాళ్లుగా దాచిందో. చీటీ మీద పురపాలక సంఘం పేరు అచ్చు వేసి ఉంది. ఆయన ఒకటి పైకెత్తి చూసి, ‘ఇవి కాంట్రాక్టరువి, మావి కావు’ అన్నాడు. అచ్చు వేసిన పేరు మీ పురపాలక సంఘానిదే కదా అన్నాను. అప్పుడు చెప్పిన మాట నేను చచ్చేదాకా మరిచిపోను: ‘ఆశీలు కట్టారంటే రోడ్డు ఆక్రమించామని వీళ్లే ఒప్పుకున్నట్టు.’

అంటే చీటీ లేకపోతే రుజువు లేదు. ఉంటే నేరం.

కట్ట తిరిగి ఇచ్చేటప్పుడు చేతికి ఇవ్వలేదు, బల్ల మీద పడేశాడు. రెండు చీట్లు కింద పడ్డాయి. ఆ ముసలమ్మ వంగి ఏరుకుంది. ఇవన్నీ వదిలేసి రైతు బజారుకు పొమ్మని చివరగా సలహా. రైతు బజారు పండించిన రైతులు నేరుగా అమ్ముకోవడానికి 1999లో పెట్టింది, మార్కెట్లో కొని తెచ్చి అమ్మేవాళ్ల కోసం కాదు. ఆ సంగతి ఆయనకు తెలియకపోవడానికి వీల్లేదు.

మెట్లు దిగుతుంటే పూలావిడ, ‘పోనీలెండి బాబుగారూ, మాకు ఇవి అలవాటే’ అంది. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. నా భార్య, ‘ఒక్క రోజు మిమ్మల్ని అంటే ఇలా అయిపోయారు, వాళ్లు రోజూ పడుతున్నారు కదా’ అంది. ఆవిడ మాటల్లో నన్ను ఓదార్చే ఉద్దేశం ఏమీ లేదు.

సేవ చేస్తున్నామని ఫొటోలు దిగేవాళ్లకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. దుప్పట్లు పంచితే ఎవరూ ఎంత తీసుకున్నావని అడగరు, శాలువా కప్పుతారు. అర్జీ రాసిపెట్టి పక్కన నిలబడితే మాత్రం దళారి అంటారు. అందుకే మన ఊళ్లలో దుప్పట్లు పంచేవాళ్లు ఎక్కువ.

మర్నాడు పద్నాలుగు అర్జీలూ పోస్టులో పంపాను. రిజిస్టరు పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు. దాని మీద నాకు వేరే దుఃఖం ఉంది, ఇప్పుడు వద్దు. అందినట్టు రుజువు మాత్రం ఇప్పటికీ తీసుకోవచ్చు. తపాలు సెక్షన్ ముద్ర వేయనంటే తపాలా శాఖ ముద్ర వేయించండి. ఇది నా సలహాలన్నిటిలో మొదటిది, మిగతావి మరిచిపోయినా ఫరవాలేదు.

పదిహేను రోజులు గడిచాయి, జవాబు లేదు. అప్పుడు సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి మూడు విషయాలు అడిగాను. మా పట్టణంలో వీధి విక్రయదారుల సర్వే ఎప్పుడు జరిగింది? ఊళ్లో వీధి వ్యాపారాల సంగతి చూడాల్సిన టౌన్ వెండింగ్ కమిటీ సమావేశాల మినిట్స్ ఏవి? ఆశీలు వేలం ఒప్పందం, వసూలు చేసే చోట్ల జాబితా ఏవి? ఎందుకు కావాలో చెప్పనక్కర్లేదు, ఆరో సెక్షన్లో స్పష్టంగా ఉంది. అయినా అడుగుతారు, చెప్పకండి. ముప్పై రోజులు దాటాక మొదటి అప్పీలు పెట్టాను. గడువు దాటితే నకళ్లు ఉచితంగా ఇవ్వాలి కాబట్టి పేజీల డబ్బు మిగిలింది. అదొక చిన్న సంతోషం.

అప్పీలు విచారణకు పిలవకముందే కాగితాలు ఇంటికి వచ్చాయి. కమిటీ మినిట్స్‌లో విశేషమేమీ లేదు. వేలం ఒప్పందంలో మాత్రం వసూలు చేసే వీధుల జాబితాలో మా కాలనీ మలుపు పేరు స్పష్టంగా ఉంది. అక్కడ అమ్మేవాళ్ల దగ్గర డబ్బు వసూలు చేసుకునే హక్కును పురపాలక సంఘమే వేలం వేసి అమ్ముకుంది. అమ్ముకున్నాక అక్కడ అమ్మేవాళ్లే లేరని ఎలా అంటారు? ఆ పేజీ నకలు జతచేసి, చట్టంలోని మూడో సెక్షను ఉటంకించి కమిషనరుగారికి ఒకటి, జిల్లా కలెక్టరేట్ సోమవారం అర్జీల కార్యక్రమంలో ఒకటి ఇచ్చాం. కలెక్టరేట్లో అడగకుండానే రసీదు ఇచ్చారు. నాకు కళ్లు చెమర్చాయంటే నవ్వకండి.

విచారణకు మనిషి వచ్చాడు, ఉదయం పది గంటలకు. సగం మంది అమ్మేది సాయంత్రం. ఉదయం వచ్చి ఫొటో తీసుకుని వెళితే ‘స్థలంలో లేరు’ అని రాస్తారు, వెనకటి సర్వేలో పేర్లు పోయింది కూడా ఇలాగేనని పూలావిడే చెప్పింది. అందుకని ఆ వారమంతా సాయంత్రం వాళ్లు కూడా ఉదయం నుంచే తట్టలు పెట్టుకుని కూర్చున్నారు. ఆ ఆలోచన నాది కాదు, వాళ్లది. ఉదయం తొమ్మిది వందలు అప్పు తీసుకుని సాయంత్రానికి వెయ్యి కట్టే వాళ్లు, ఎండలో బేరం లేకుండా అన్నాళ్లు కూర్చోవడం మామూలు విషయం కాదు. వచ్చిన కుర్రవాడు మంచివాడు. సాయంత్రం మళ్లీ వచ్చి అందరి ఫొటోలూ తీసుకున్నాడు.

పద్నాలుగు మందిలో పన్నెండు మందికి కార్డులు వచ్చాయి. ఇద్దరికి ఆధార్‌లో పేరు తేడా ఉంది, సరిచేయిస్తున్నాం. ఇప్పుడు స్వనిధి అప్పు కోసం బ్యాంకు చుట్టూ తిరగాలి. మొదటి విడత పదిహేను వేలు, తీర్చాక పాతిక వేలు, తర్వాత యాభై వేలు. పూచీకత్తు అవసరం లేదు. మా వీధి బ్యాంకులో అప్పుడే హామీదారుణ్ణి తెమ్మంటున్నారు. ఆ నిబంధన రాతపూర్వకంగా ఇవ్వమని అడిగాను. పరిశీలిస్తామన్నారు. రాసివ్వమంటే చాలా నిబంధనలు మాయమవుతాయి.

వెండింగ్ కమిటీలో నలభై శాతం సభ్యులను విక్రయదారులే ఎన్నుకోవాలి, అందులో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. మా పట్టణంలో ఆ ఎన్నిక జరగాలని కొత్తగా పెట్టుకున్న సంఘం తరఫున అర్జీ తయారు చేశాం. సంతకాలలో మొదటిది పెద్దామెది, వేలిముద్ర. నేను సంతకం పెట్టలేదు, ‘మీకేమిటి సంబంధం’ అని మళ్లీ ఎవరూ అడగకూడదని. సోమవారం ఆమే తీసుకెళ్లి ఇస్తానంది. తపాలు సెక్షన్లో అదే గుమాస్తా ఉన్నాడట. ముద్ర వేయకపోతే అక్కడే తట్ట దింపి తోటకూర అమ్ముతానంటోంది. నేను వద్దనలేదు.