పెద్దతాత భుజం మీద ప్యాచ్: ఎర్ర గద్దా, ఎర్ర బంతా?

ఈ వారమంతా పెద్దతాత పాత సైనిక ఫోటోలో, భుజం మీద కనిపించే 3 మి.మీ. నల్ల ముక్కతోనే గడిచిపోయింది, ఇంకా తేలలేదు, తల పట్టుకుని కూర్చున్నా.

పెద్దతాత స్టూడియో ఫోటోలో మిగతావి ఈజీగానే తేలాయి. తల మీద అంచు లేని ఎత్తు టోపీ, అదే దుప్తా, కాబట్టి బెంగళూరు మద్రాస్ సాపర్స్, అంటే సైన్యంలో ఇంజనీర్ల దళం. ఛాతీ మీద రిబ్బన్ ఆఫ్రికా స్టార్ది, రెండో ప్రపంచ యుద్ధంలో ఆఫ్రికాలో పనిచేసినవాళ్ళకి ఇచ్చిన మెడల్, అది ప్రకటించిందే 1943లో, సో ఫోటో ఆ తర్వాతదే.

ఏ డివిజన్ అన్నది చెప్పాల్సింది మాత్రం భుజం మీది ప్యాచ్, అంటే డివిజన్ గుర్తు ఉండే గుడ్డ ముక్క. ప్రింట్ మీద ఎత్తు 3 మి.మీ., వెడల్పు 2 కి కాస్త ఎక్కువ, చెయ్యి పక్కకి తిరిగి ఉంది కాబట్టి వెడల్పు తగ్గి కనిపిస్తోంది. కళ్ళ మధ్య దూరం 3.1 మి.మీ. వచ్చింది, మామూలుగా మనిషికి 63 మి.మీ. దగ్గర ఉంటుంది, అంటే ఫోటో ఇరవయ్యో వంతు స్కేల్, అసలు ప్యాచ్ 6 సెం.మీ. ఎత్తు. సైజు సరిపోయింది. లోపల బొమ్మే లేదు, నలుపులో నలుపు.

ఎప్సన్ వీ600 స్కానర్‌లో 2400 డీపీఐ పెడితే ప్యాచ్‌కి 280 పిక్సెల్స్ దాకా వచ్చాయి, చాలు నిజానికి, కానీ పాత ప్రింట్లలో నల్లటి చోట వెండి పైకి తేలి మెరుస్తుంది కదా, ఆ మెరుపు సరిగ్గా ఈ భుజం మీదే ఉంది. స్కానర్‌తో అవ్వదని రెండు ఎల్ఈడీ లైట్లకి పోలరైజర్ షీట్లు అంటించి, కెమెరాకున్న టోకినా 100 మాక్రో లెన్స్‌కి సీపీఎల్ (పోలరైజర్ ఫిల్టర్) పెట్టి తీశా. మెరుపు మొత్తం పోయింది! ఎడిటింగ్‌లో కర్వ్స్ లాగి వెలుగు లెవెల్స్ చూస్తే ప్యాచ్ గుడ్డ 31, మధ్యలో ఏదో మరక 36, 37. మొత్తం 255లో ఐదారు లెవెల్స్ తేడా, గ్రెయిన్ (ఫోటోలోని సన్న గరుకు చుక్కలు) ఒక్కటే అటూ ఇటూ నాలుగు ఊగుతోంది. 16 ఫ్రేములు తీసి ఒకదానిమీద ఒకటి కలిపా (స్టాకింగ్), కెమెరా నాయిజ్ పోయింది, కానీ గ్రెయిన్ ప్రింట్‌లోనే ఉంది కాబట్టి ఎన్ని ఫ్రేములు కలిపినా కదలదు. బ్లర్ చేస్తే మరక అంచులు కూడా పోతున్నాయి. ఏఐ ఎన్‌హాన్సర్ ఒకటి ట్రై చేస్తే అక్కడ చక్కగా ఒక నక్షత్రం గీసిచ్చింది, దయచేసి ఈ పనికి అవి ఎవరూ వాడకండి, లేనిది పుట్టిస్తాయి.

నా అంచనా ఏంటంటే ఫిల్మ్ ఆర్థోక్రొమాటిక్, ఎరుపు నల్లగా పడుతుంది. ఆఫ్రికా స్టార్ మధ్య చార అసలు ఎరుపు, ఈ ఫోటోలో కటిక నలుపు. అంటే ప్యాచ్ నలుపు మీద ఎరుపు అయ్యుండాలి. ఆఫ్రికాలో పనిచేసినవాళ్ళలో అలాంటివి 4వ ఇండియన్ డివిజన్ గద్ద, 5వ డివిజన్ గుండ్రటి బంతి. మరక ప్రింట్ మీద 1.3 మి.మీ. వెడల్పు, 1 మి.మీ. ఎత్తు. చెయ్యి తిరిగి ఉన్నప్పుడు గుండ్రటిది నిలువుగా సన్నబడాలి గానీ అడ్డంగా సాగదు కదా, అందుకే రెక్కలే అనిపిస్తోంది. పైగా 4వ డివిజన్‌లో 12 ఫీల్డ్ కంపెనీ, 11 ఫీల్డ్ పార్క్ కంపెనీ రెండూ మద్రాస్ సాపర్లవే. మనసు గద్ద వైపే లాగుతోంది, కానీ ఐదు లెవెల్స్ తేడా పట్టుకుని ఇంట్లో వాళ్ళకి ఖాయంగా చెప్పలేను.

ఇప్పుడు ప్యాచ్ వదిలేసి రిబ్బన్ మీద పడతా. ఉత్తర ఆఫ్రికాలో పోరాడిన బ్రిటిష్ ఎయిత్ ఆర్మీలో 1942 అక్టోబర్ 23 నుంచి 1943 మే 12 మధ్య పనిచేసినవాళ్ళకి ఆ రిబ్బన్ మీద వెండి రంగు 8 అంకె ఉంటుంది. ఆ టైంలో 4వ డివిజన్ ఎల్ అలమీన్, ట్యునీషియా వైపు ఉంది, 5వది ప్రధానంగా ఇరాక్, ఇరాన్ వైపు. మన రిబ్బన్ నల్ల చార మధ్యలో ఒక తెల్ల చుక్క ఉంది, 0.3 మి.మీ. కూడా ఉండదు, దుమ్మో అంకో తెలీదు. ముందు బ్లోయర్ కొట్టి, లూప్ (చిన్న భూతద్దం)తో చూసి, ఇంకా దగ్గరగా తీయడానికి లెన్స్ వెనక ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ వేసి తీయాలి.

పెద్దమ్మ వాళ్ళ ట్రంకు పెట్టెలో డిశ్చార్జ్ బుక్ ఉందంటున్నారు, పండక్కి వెళ్ళినప్పుడు సర్వీస్ నంబర్ రాసుకుని బెంగళూరు రికార్డ్స్ ఆఫీసుకి ఉత్తరం పెడతా. కంపెనీ పేరు దొరికితే లండన్‌లో క్యూ అనే చోట ఉన్న బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో వార్ డైరీలు (యూనిట్లు రోజూ రాసిన యుద్ధ రికార్డులు) అడగొచ్చు. 11 ఫీల్డ్ పార్క్ అని తేలితే మాత్రం ముందు 1944 ఫిబ్రవరి డైరీయే తెప్పిస్తా, ఇటలీలో మిన్యానో దగ్గర మైన్ మీద పడుకుని తోటివాళ్ళని కాపాడి చనిపోయిన సుబేదార్ సుబ్రమణియన్, జార్జ్ క్రాస్ అనే సాహస పతకం వచ్చినాయన, ఆ కంపెనీయే.